పైన పటారం, లోన లొటారం: వ్యాను అడుగున నల్లపూత మీద నా అభ్యంతరం

పాత వ్యాన్ల అమ్మకం ప్రకటనల్లో తరచూ కనపడే మాట ఒకటుంది: "అడుగంతా కొత్తగా అండర్‌కోటింగ్ చేయించాం, తుప్పు భయం లేదు." పక్కనే ఒక ఫొటో ఉంటుంది. పైకి లేపిన బండి కింద ఎటు చూసినా నిగనిగలాడే నలుపే. ఛాసిస్, ఫ్లోరు రేకు, కమాన్ కట్టలు, ఒక్కోసారి బ్రేకు పైపులు, సైలెన్సర్ కూడా అందులోనే మునిగిపోయి ఉంటాయి. చూసేవాళ్లకు ధైర్యం వస్తుంది. నాకు మాత్రం ఆ ఫొటో చూడగానే అనుమానం మొదలవుతుంది.

అమ్మేవాళ్లు మోసగాళ్లని నేననను. చాలామంది మంచి పని చేయించామనే నమ్ముతారు. కానీ ఏళ్లు గడిచిన వ్యాను అడుగుకు గట్టిపడే మందపాటి నల్లపూత వేస్తే తుప్పు ఆగదు, కంటికి కనపడకుండా పోతుందంతే. అడుగు పదికాలాలు నిలవాలంటే ఎప్పటికీ గట్టిపడని, వాక్స్ (మైనం) లాంటి పూత కావాలి, కింద లోహం ఎలా ఉందో చూడనిచ్చే పూత కావాలి. అది కూడా ముందు పడాల్సింది కళ్లెదుట కనపడే ఫ్లోరు రేకు మీద కాదు, చెయ్యి దూరని డొల్ల భాగాల్లో. ఈ మాటకు ఎదురు చెప్పేవాళ్ల దగ్గర కూడా గట్టి కారణాలే ఉన్నాయి, వాటినీ చూద్దాం.

అంచు దగ్గర ఏం జరుగుతుంది

రబ్బరు కలిపిన బిటుమెన్ (తారు లాంటిది) పూత మొదట్లో బాగానే ఉంటుంది. సాగుతుంది, గులకరాయి తగిలినా తట్టుకుంటుంది. కాలం గడిచేకొద్దీ అందులోని తేలిక నూనెలు ఆవిరైపోయి పెళుసెక్కుతుంది. ఎండకూ చలికీ రేకు పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది, బండి నడిచేటప్పుడు మెలితిరుగుతూ ఉంటుంది. పెళుసెక్కిన పూత దానితోపాటు సాగలేదు. ముందు చీలేది అతుకుల దగ్గర, బోల్టుల చుట్టూ, రేకు మడతల అంచుల మీద. వెంట్రుకంత చీలిక చాలు, నీళ్లు అందులోకి వాటంతటవే పాకిపోతాయి.

పూత మీద పడ్డ తేమ గంటలో ఆరిపోతుంది. పూత కింద చేరిన తేమ వారాలైనా ఆరదు. పైగా సందు నోటి దగ్గర ఆక్సిజన్ ఎక్కువ, లోపలికి వెళ్లేకొద్దీ తక్కువ. ఒకే రేకు మీద ఇలా తేడా వస్తే అక్కడ బ్యాటరీ లాంటి చిన్న విద్యుత్ ఘటం ఏర్పడుతుంది, అందులో కరిగిపోయేది ఆక్సిజన్ తక్కువ ఉన్న లోపలి వైపే. పుట్టిన తుప్పు అసలు ఇనుము కంటే రెండు నుంచి ఆరు రెట్ల చోటు ఆక్రమిస్తుంది కాబట్టి పూతను ఇంకాస్త పైకి లేపుతుంది. కొత్త సందు, కొత్త తడి, మళ్లీ అదే కథ. వీల్ ఆర్చ్ (చక్రం పైన వంపుగా ఉండే రేకు) మడతల్లో పేరుకున్న బురద కూడా ఇదే పని చేస్తుంది, కాకపోతే బురదను కడిగేయొచ్చు.

ఇలాంటి పూతను స్క్రేపర్‌తో ఒక అంచు దగ్గర లేపి చూడండి. అరచేతి వెడల్పు ముక్క ఒక్కసారిగా, తోలు ఊడినట్టు వచ్చేస్తుంది. దాని లోపలి వైపు నారింజ రంగు పొడి అంటుకుని ఉంటుంది. వేలు పెడితే చల్లగా, చెమ్మగా తగులుతుంది, వాన పడి చాలా రోజులైనా సరే. రేకు మీద గోధుమరంగు పెచ్చులు పొరలు పొరలుగా ఉంటాయి. వాటిని స్క్రూడ్రైవర్ మొనతో నొక్కితే కరకరమంటూ లోపలికి దిగుతుంది. ఒక అడుగు దూరం నుంచి చూసినప్పుడు ఆ చోటు మిగతా అడుగంత నున్నగానే కనపడింది.

ఉప్పు తగిలే చోట్ల ఇది మరీ వేగంగా సాగుతుంది. శుభ్రమైన ఉక్కు మీద గాలిలో తేమ 60 శాతం దాటాకే తుప్పు జోరందుకుంటుంది. మామూలు ఉప్పు 75 శాతం తేమ దగ్గర గాలిలోంచి నీటిని లాక్కుని తానే ద్రవమవుతుంది. మంచు కరగడానికి రోడ్ల మీద చల్లే మెగ్నీషియం క్లోరైడు, కాల్షియం క్లోరైడులకైతే 30 శాతానికి కాస్త పైన ఉంటే చాలు. అంటే మనకు పొడిగా ఉందనిపించే రోజున కూడా ఆ ఉప్పు అంటిన రేకు తడిగానే ఉంటుంది. అలాంటి ఉప్పుతో ఉన్న రేకు మీద నల్లపూత వేస్తే రెండింటినీ కలిపి మూత పెట్టినట్టే. చలికాలంలో ఉప్పు రోడ్ల మీద తిరిగొచ్చిన బండిని గాలాడని వెచ్చటి గ్యారేజీలో పెట్టడం కూడా మంచిది కాదు. వెచ్చదనం తుప్పు వేగాన్ని పెంచుతుంది. గాలి ఆడే చల్లటి షెడ్డే నయం.

మరి ఫ్యాక్టరీలోనే వేస్తారు కదా?

ఎదురువాదనల్లో బలమైనది ఇదే. కొత్త బండి వీల్ ఆర్చ్‌లలో, సిల్ (తలుపుల కింద పొడవునా ఉండే డొల్ల పట్టీ) అంచుల మీద గరుకైన పీవీసీ పూత ఉంటుంది. తయారీదారు గట్టి పూతనే నమ్ముకుంటే మనకేం అభ్యంతరం?

తేడా అంతా పూత కింద ఉంది. ఫ్యాక్టరీలో బాడీ మొత్తాన్ని శుభ్రంగా కడిగి, ఫాస్ఫేటు పట్టించి, రంగు తొట్టిలో ముంచి, విద్యుత్తుతో సుమారు 20 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) ప్రైమర్, అంటే రంగుకు ముందు వేసే పునాది పూత, పొరగా పట్టిస్తారు. తర్వాత కొలిమిలో కాల్చి గట్టిపరుస్తారు. చాలా బండ్లలో దాని కింద జింకు పూత కూడా ఉంటుంది. అతుకుల్లో సీలెంటు, ఆపైన పీవీసీ. అంటే ఆ గట్టి పూత తుప్పు ముఖం చూడని రేకు మీద, బాగా పట్టుకున్న ప్రైమర్ మీద కూర్చుంది. పదేళ్లు రోడ్డు మీద తిరిగిన రేకు మీద, షెడ్డులో ఒక పూటలో కడిగి కొట్టిన పూతకు ఆ పునాది ఎక్కడిది?

అంత జాగ్రత్తగా చేసిన ఫ్యాక్టరీ పూతకే బలహీనమైన చోట్లున్నాయి. కొలిమిలో వేడెక్కినప్పుడు ప్రైమర్ కాసేపు పలచబడి, పదునైన అంచుల మీద నుంచి వెనక్కి లాక్కుంటుంది. అందుకే కత్తిరించిన రేకు అంచులు, రంధ్రాల చుట్టూరా పొర సన్నగా ఉంటుంది. తుప్పు మొదట కనపడేది కూడా అక్కడే. జింకు పూత ఉన్న బండికి తుప్పు పట్టదనే మాట సగమే నిజం. రేకుకు ఒక్కో వైపు ఏడు నుంచి పది మైక్రాన్ల జింకు ఉంటుంది. అది ఇనుము బదులు తాను కరిగిపోతూ కాపాడుతుంది, కరిగిపోయాక ఇక కాపాడదు. కాబట్టి జింకు ఉన్న రేకును అవసరం లేని చోట గ్రైండర్‌తో మెరిసేదాకా గీకేయడం కూడా తప్పే.

కొత్త బండి కొన్న వారంలోనే, అడుగు ఇంకా శుభ్రంగా ఉండగా గట్టి పూత వేయిస్తానంటే నేను పెద్దగా వాదించను. నా అభ్యంతరం తుప్పు మొదలైన బండ్ల విషయంలోనే.

కళ్లకు కనపడని చోటే అసలు పని

ఫ్లోరు రేకు విశాలంగా, చదునుగా ఉంటుంది. గాలి ఆడుతుంది, తడి ఆరుతుంది. దానికి చిల్లు పడటానికి చాలా కాలం పడుతుంది. వ్యాన్లను తుక్కుకు పంపేది సిల్ పెట్టెలు, ఛాసిస్ రెయిళ్ల లోపలి గోడలు, ఫ్లోరు కింది అడ్డపట్టీలు, కమాన్ కట్టల హ్యాంగర్లు బిగించే చోట్లు, జాకీ పెట్టే చోట్లు, పక్కకు జరిగే తలుపు కింది పట్టాలు. వీటిలో చాలావరకు రెండు రేకులు కలిపి వెల్డింగ్ చేసిన డొల్ల పెట్టెలే. లోపలికి నీళ్లు తలుపుల రబ్బర్ల నుంచి, వీల్ ఆర్చ్ అతుకుల నుంచి దిగుతాయి. రాత్రి చల్లబడ్డ రేకు మీద గాలిలోని తేమ కూడా చెమర్చి చేరుతుంది. బయటకు పోవడానికి అడుగున చిన్న రంధ్రాలు మాత్రమే ఉంటాయి. తుప్పు లోపల మొదలై, బయటికి పొక్కులుగా తేలేసరికి లోపలి గోడ కాగితమై ఉంటుంది.

నల్లపూత పనిలో జరిగే అతి పెద్ద నష్టం కూడా ఇక్కడే. పిచికారీ కొట్టేవాళ్లు తొందరలో ఆ నీటి రంధ్రాలను కూడా పూసేస్తారు. సిల్ కింది మడత అంచుకు బయట నుంచి సీలెంటు బారుగా పట్టించడమూ అలాంటిదే. నీరు బయటికి పోయే దారి మూసేస్తే పైనుంచి వచ్చే నీరు ఆగదు కదా! సీలెంటు ఎప్పుడూ నీరు లోపలికి వచ్చే అతుకుకు పట్టించాలి, బయటికి పోయే అతుకుకు కాదు. పని మొదలుపెట్టే ముందే నీటి రంధ్రాలన్నిటినీ వెతికి సుద్దముక్కతో గుర్తుపెట్టుకోవాలి. ఒక్కోదాంట్లో వైరు దూర్చి చూడాలి. బురద, ఆకుల పొడి, తుప్పు రజను రాలుతుంటే ఆ పెట్టె లోపల ముందు శుభ్రం చేయాల్సిందే.

లోపల చూడటానికి ఫోనుకు తగిలించే సన్నటి ఎండోస్కోపు కెమెరా చాలు. రబ్బరు మూత తీసి దూరిస్తే ఐదు నిమిషాల్లో తేలిపోతుంది. పలచటి నారింజ రంగు పొర కనపడితే కంగారు అక్కర్లేదు. అట్టలుగా విడిపోయిన పెచ్చులు, వాటి మధ్య వెలుతురు కనపడితే మాత్రం ఏ వాక్సూ కాపాడదు. అది కోసి కొత్త రేకు వేయాల్సిన పని.

ఇళ్లలా మార్చుకున్న వ్యాన్ల సంగతి ఇంకో మెట్టు పైన ఉంటుంది. ఫ్లోరుకు, గోడలకు కొత్తగా రంధ్రాలు పెడతారు. ఆ రంధ్రం అంచుకు ప్రైమర్ పూయకుండా బోల్టు బిగిస్తే అక్కడే తుప్పు మొదలు. డ్రిల్లింగ్‌లో రాలిన ఇనుప రజను ఫ్లోరు రేకు గాడుల్లో, సిల్ పెట్టెల్లో పడి చెమ్మ తగలగానే తుప్పుపట్టి నీటి రంధ్రాలను పూడుస్తుంది. పని చేసేటప్పుడు కింద గుడ్డ పరిచి, వెంటనే వాక్యూమ్ క్లీనర్‌తో లాగేయడం తప్ప దీనికి వేరే మందు లేదు. సిల్ పెట్టెల్లో, పక్కస్తంభాల్లో స్ప్రే ఫోమ్ నింపడం మరీ ప్రమాదం. ఆ ఫోమ్ నీటిని పట్టి ఉంచుతుంది, తర్వాత వాక్స్ లోపలికి చేరనివ్వదు. ఇక లోపల గ్యాసు పొయ్యి వాడితే ఒక కిలో ప్రొపేన్ మండినప్పుడు సుమారు 1.6 కిలోల నీరు ఆవిరిగా పుడుతుంది. కిటికీ తీయకపోతే ఆ నీరంతా చల్లటి రేకు వెనక చేరి, జారి, చివరికి సిల్‌లోకే దిగుతుంది. అడుగును కింది నుంచి ఎంత కాపాడినా పైనుంచి వచ్చే ఈ నీటి సంగతి చూడకపోతే పని సగమే.

కడగడం, ఆరబెట్టడం

ఏ పూత వేసినా ఫలితాన్ని తేల్చేది దానికి ముందు పనే. కష్టమంతా అక్కడే ఉంది కాబట్టి జనం తొందరపడేదీ అక్కడే.

ముందు భద్రత. పెద్ద వ్యాను ఖాళీగానే రెండు టన్నుల దరిదాపుల్లో ఉంటుంది. జాకీ మీద మాత్రమే నిలబెట్టిన బండి కిందకు ఎవరూ వెళ్లకూడదు. నేల చదునుగా, గట్టిగా ఉండాలి. బరువుకు తగిన స్టాండ్లు తయారీదారు చెప్పిన చోటే పెట్టాలి. నేల మీద మిగిలిన చక్రాలకు ముందూ వెనకా అడ్డుకట్టలు వేయాలి. జాకీ పెట్టే చోటు తుప్పుతో మెత్తబడి ఉంటే అక్కడ లేపనే కూడదు. బండి పైన ఉండగా స్టాండు రేకులోకి దిగబడిపోతుంది.

ప్లాస్టిక్ కవచాలు, వీల్ ఆర్చ్ లైనర్లు, స్పేరు చక్రం, దాని పళ్లెం ఊడదీసి కడగాలి. వాటి వెనకే గుప్పెళ్ల కొద్దీ బురద ఉంటుంది. ప్రెషర్ వాషర్ ఒక్కటే సరిపోతుందనుకోవద్దు. అది ఎదురుగా ఉన్నదాన్ని కొడుతుంది, అంచుల పైభాగాన్ని వదిలేస్తుంది. పైగా దగ్గర నుంచి కొడితే బేరింగుల సీళ్లలోకి, కనెక్టర్లలోకి నీళ్లు ఎక్కిస్తుంది. ఉప్పు పోవాలంటే వేగం కంటే నీళ్లు ముఖ్యం. మామూలు గొట్టంతో ధారాళంగా, డొల్ల పెట్టెల్లోకి కూడా పట్టి, కింది రంధ్రాల నుంచి తేట నీరు వచ్చేదాకా కడగాలి. నూనె మరకలకు డీగ్రీజర్, తర్వాత మళ్లీ నీళ్లు.

ఆరడానికి కనీసం రెండు రోజులు ఇవ్వాలి, ఫ్యాన్ పెట్టి. పెట్టెల్లోకి కంప్రెసర్ గాలి కొట్టాలి. రంగు వేసే రోజున రేకు ఉష్ణోగ్రత మంచుబిందువు (గాలిలోని తేమ నీరుగా మారే ఉష్ణోగ్రత) కంటే కనీసం 3 డిగ్రీలు ఎక్కువ ఉండాలనేది వంతెనలకు, ఓడలకు రంగులు వేసేవాళ్లు తప్పక పాటించే లెక్క. దానికంటే తక్కువైతే కంటికి కనపడని చెమ్మ రేకు మీద ఉంటుంది. తెల్లవారుజామున, చల్లటి రేకు మీద వేసిన ప్రైమర్లు పెచ్చులుగా లేచిపోయేది అందుకే.

పాత తుప్పును ఏం చేయాలి

పెచ్చులను ముందు కొట్టి రాల్చాలి. సుత్తి, స్క్రేపర్, వీలైతే ఉక్కు సూదులతో టకటకా కొట్టే సూదుల గన్. తర్వాతే గ్రైండర్‌కు వైరు చక్రం. ఈ వైరు చక్రం దగ్గర చాలామంది బోల్తాపడతారు. అది తుప్పును తీయకుండా దానికే మెరుగు పెడుతుంది. నల్లగా, నున్నగా మెరుస్తుంటే లోహం వచ్చేసిందనుకుంటాం. దాని మీద 80 నంబర్ ఉప్పుకాగితం (శాండ్‌పేపర్) నాలుగుసార్లు రుద్దితే మెరిసే వెండి రంగు లోహం మధ్య నల్లటి చుక్కలు బయటపడతాయి. ఆ గుంటల్లోనే ఉప్పు దాక్కుని ఉంటుంది. వాటిని స్ట్రిప్ డిస్క్‌తో తీయాలి. ఇసుక లాంటిది ఊది కొట్టే బ్లాస్టింగ్‌తో ఇంకా బాగా వస్తుంది. కనపడే తుప్పు దాటి చుట్టూ రెండు మూడు సెంటీమీటర్లు, గట్టిగా పట్టుకున్న పాత రంగు వచ్చేదాకా గీకాలి. బ్రేకు పైపుల జోలికి మాత్రం వైరు బ్రష్‌తో వెళ్లొద్దు. వాటి మీద ఉన్న రక్షణ పొర అదే పోగొడుతుంది. పైపు మీద గుంటలు కనపడితే గీకి పూత వేయడం పరిష్కారం కాదు, మార్చేయాలి. రాగి, నికెల్ మిశ్రమంతో చేసిన పైపులకు ఈ బెడద ఉండదు.

రస్ట్ కన్వర్టర్ల (తుప్పును గట్టి పొరగా మార్చే ద్రవాల) మీద నాకు వ్యతిరేకత లేదు, వాటి మీద పెట్టుకునే ఆశ మీద ఉంది. టానిక్ ఆమ్లం ఉన్నది పలచటి, గట్టిగా పట్టుకున్న తుప్పును నల్లటి టానేటుగా మారుస్తుంది. ఫాస్ఫారిక్ ఆమ్లం ఫాస్ఫేటుగా మారుస్తుంది. రెండూ ద్రవం దిగినంత లోతుకే పనిచేస్తాయి. మందపాటి పెచ్చు మీద పూస్తే పైన నల్లబడుతుంది, కింద ఎర్రగానే ఉంటుంది. ఫాస్ఫారిక్ ఆమ్లం మిగిలిపోతే దానిమీద వేసే ఎపాక్సీ (రెండు భాగాలు కలిపితే గట్టిపడే రెసిన్ పూత) కూడా సరిగా గట్టిపడదు, ఎందుకంటే గట్టిపరిచే అమీన్లతో ఆ ఆమ్లం కలబడుతుంది. కడగమని డబ్బా మీద రాసి ఉంటే కడగాలి, ఆరాకే ముందుకు వెళ్లాలి.

లోహం తేలిన చోట రెండు భాగాలు కలిపే ఎపాక్సీ ప్రైమర్ రెండు పొరలు బ్రష్‌తో రుద్దుతూ వేయాలి. గుంటల్లోకి దిగాలంటే మొదటి పొర బ్రష్‌తోనే మేలు. కలిపే పాళ్లు కొలిచి వేయాలి, కంటి అంచనాతో వేయకూడదు. 10 డిగ్రీల కంటే చల్లగా ఉంటే చాలా ఎపాక్సీలు సరిగా గట్టిపడవు. జింకు ఎక్కువగా ఉండే ప్రైమర్ వాడాలనుకుంటే అది పూర్తిగా శుభ్రమైన లోహం మీదే పనిచేస్తుందని గుర్తుంచుకోవాలి. జింకు రేణువులు ఇనుముకు తగిలి విద్యుత్తు పారితేనే రక్షణ. తుప్పు మీద వేస్తే అది బూడిదరంగు పెయింటు మాత్రమే. చిల్లు ఉన్న చోట లప్పం పెట్టి పైన పూత వేయడం గురించి చెప్పేదేమీ లేదు, అది రిపేరు కాదు.

వెల్డింగ్ పని ఏదైనా ఉంటే ఈ దశలోనే అయిపోవాలి. వాక్స్ పోసిన పెట్టె దగ్గర వెల్డింగ్ చేస్తే లోపల మంట అంటుకుంటుంది. వాక్స్ అంటిన చోట రంగు కూడా పట్టదు. అందుకే వాక్స్ ఎప్పుడూ ఆఖరి పని.

వాక్స్ ఎంత, ఎలా

డొల్ల భాగాలకు పలచగా పాకే క్యావిటీ వాక్స్ వేరు, అడుగుకు కాస్త చిక్కటి అండర్‌బాడీ వాక్స్ వేరు. వాక్సోయిల్, డినిట్రోల్ లాంటి పేర్లతో రెండు రకాలూ దొరుకుతాయి. గొర్రె ఉన్ని కొవ్వు లానోలిన్‌తో చేసినవి ఇంకో దారి. పేరు కంటే రెండు గుణాలు చూడాలి: సన్నటి అతుకుల్లోకి పాకాలి, ఏళ్ల తర్వాత గోరుతో గీస్తే ఇంకా మెత్తగా ఉండాలి. నేనైతే అడుగుకు కూడా నల్లటిది వద్దంటాను. పారదర్శకంగానో, తేనె రంగులోనో ఉన్నది వేస్తే కింద ఎర్రటి చుక్క మొదలైన రోజే కనపడుతుంది.

పరిమాణం లెక్క తేలికే. ఐదు మీటర్ల పొడవు, 1.8 మీటర్ల వెడల్పు అడుగంటే 9 చదరపు మీటర్లు. మడతలు, పట్టీలు, ఆర్చ్‌లు కలుపుకుంటే 15 దాకా వస్తుంది. తడిగా ఉన్నప్పుడు 300 మైక్రాన్ల మందం కావాలంటే చదరపు మీటరుకు 0.3 లీటరు, మొత్తం నాలుగున్నర లీటర్లు. గాలిలో పోయేదానితో కలిపి ఐదు లీటర్ల పైమాట. క్యావిటీ వాక్స్ మరో మూడు నాలుగు లీటర్లు. రెండు స్ప్రే డబ్బాలతో వ్యాను అడుగంతా అయిపోయిందని ఎవరైనా చెబితే మందం ఎంతో మీరే లెక్కేసుకోవచ్చు. పళ్లున్న చిన్న దువ్వెనలాంటి గేజితో తడి పూత మందం అక్కడికక్కడే చూసుకోవచ్చు కూడా.

వాక్స్ డబ్బాను మూత వదులు చేసి వేడినీళ్ల బకెట్‌లో పెడితే పలచబడుతుంది. మంట మీద ఎప్పుడూ పెట్టకూడదు, ఆ ద్రావకం ఆవిరి అంటుకుంటుంది. కంప్రెసర్‌కు తగిలించే గన్, 5 లేదా 6 బార్ల పీడనం, చుట్టూ 360 డిగ్రీలు చిమ్మే నాజిల్ ఉన్న పొడవాటి గొట్టం కావాలి. గొట్టాన్ని పెట్టె ఆ చివరిదాకా దూర్చాకే గన్ నొక్కాలి. నిదానంగా, ఒకే వేగంతో వెనక్కి లాగాలి. ఒక రంధ్రం నుంచి రెండు దిక్కులకూ చేయాలి. కింది నీటి రంధ్రాల నుంచి, అతుకుల నుంచి వాక్స్ చెమర్చి బయటికి వస్తే లోపల తడిసినట్టు. ఎక్కడ చెమర్చలేదో అక్కడ మళ్లీ కొట్టాలి. కింద అట్టలు పరిచి ఒక రోజు కారనివ్వాలి. మర్నాడు ప్రతి నీటి రంధ్రంలో మళ్లీ వైరు దూర్చి తెరవాలి. ఈ చివరి పని మరిచిపోతే మొదటి పని అంతా వృథా.

బ్రేకు డిస్కులు, క్యాలిపర్లు, సైలెన్సర్ గొట్టాలు, చక్రాల సెన్సర్లు, ఎర్త్ బోల్టులు, హ్యాండ్‌బ్రేకు తీగల కదిలే భాగాలు ముందే కప్పేయాలి. విద్యుత్ వ్యాన్లలో నారింజ రంగు తీగల మీద, బ్యాటరీ పెట్టె మీద ఏదీ పిచికారీ చేయకూడదు. ముక్కుకు సేంద్రియ ఆవిర్లను ఆపే కార్ట్రిడ్జి ఉన్న మాస్కు, కళ్లకు అద్దాలు తప్పనిసరి. మామూలు గుడ్డ మాస్కు ఇక్కడ పనికిరాదు.

వాక్స్ మీద వినపడే ఫిర్యాదులు

"వాక్స్ కడుక్కుపోతుంది" అనేది నిజమే. చక్రాల వెనక రాళ్లు, నీళ్లు తగిలే చోట మెత్తటి వాక్స్ ఏడాది నిలవడం కష్టం. ఇక్కడ నేను గట్టి పూతకు చోటిస్తాను: శుభ్రమైన లోహం, ఎపాక్సీ, దానిమీద రాళ్ల దెబ్బను తట్టుకునే, సాగే గుణమున్న స్టోన్‌చిప్ పూత, ఆపైన వాక్స్. ఆర్చ్‌లకు ఇది సరైన వరస. అడుగంతటికీ అదే వరస చేయగలిగితే ఇంకా మంచిదే, కానీ మూలమూలా లోహం తేల్చాలంటే బండిని విప్పాలి, అంత పని జరిగే బండ్లు తక్కువ. సగం పనికి గట్టి పూత వేయడం కంటే మెత్తటి పూత వేసి ఏటా చూసుకోవడం మేలు, ఎందుకంటే మెత్తటి పూత తన కింద జరిగే తప్పును దాచదు.

మురికి పట్టుకుంటుందనే ఫిర్యాదూ నిజమే. దుమ్ము అంటిన వాక్స్ చూడటానికి అసహ్యంగా ఉంటుంది, రిపేరు చేసే మెకానిక్ చేతులకు అంటుకుంటుంది. ఆ చిరాకు భరించాల్సిందే. రబ్బరు విషయంలో మాత్రం జాగ్రత్త కావాలి. ఖనిజ నూనెలు సస్పెన్షన్ బుష్‌ల రబ్బరును ఉబ్బించి మెత్తబరుస్తాయి. బుష్‌లను టేపుతో కప్పి, పడినచోట గుడ్డతో తుడిచేయాలి.

ఖర్చు లేదని వాడేసిన ఇంజన్ ఆయిల్ పూయడం చాలా పాత అలవాటు. అందులో ఆమ్లాలు, లోహపు రజను, క్యాన్సర్ కారకాలు ఉంటాయి. రబ్బరును పాడుచేస్తుంది, నేల మీద, నీళ్లలో కలుస్తుంది. దానికి మద్దతుగా చెప్పదగ్గ మాట నాకు ఒక్కటీ కనపడలేదు. బ్యాటరీకి తగిలించే ఎలక్ట్రానిక్ తుప్పు నివారణ పెట్టెలదీ అదే సంగతి. విద్యుత్తుతో తుప్పును ఆపే పద్ధతి ఓడలకు, భూమిలో పాతిన పైపులకు పనిచేస్తుంది, ఎందుకంటే అక్కడ లోహం ఎప్పుడూ నీటిలోనో తడి మట్టిలోనో ఉంటుంది, కరెంటు ప్రవహించడానికి దారి ఉంటుంది. గాలిలో తిరిగే వ్యానుకు ఆ దారి లేదు.

ఇప్పటికే నల్లపూత ఉన్న బండి సంగతి

చాలామంది దగ్గర ఉన్నది ఈ బండే. అంతా గీకి పారేయమని నేను చెప్పను. ప్లాస్టిక్ సుత్తితో అడుగంతా మెల్లగా తట్టుకుంటూ పోవాలి. గట్టిగా మోగిన చోట పూత పట్టుకునే ఉంది, వదిలేయొచ్చు. మొద్దుగా, డొల్లగా పలికిన చోట స్క్రేపర్ పెట్టాలి. లేచిన పూతను గట్టిగా పట్టుకున్న అంచు వచ్చేదాకా తీసేసి, బయటపడ్డ రేకుకు పైన చెప్పిన పనులన్నీ చేయాలి. మిగిలిన పాత పూత అంచులన్నిటి మీదా పలచటి క్యావిటీ వాక్స్ బ్రష్‌తో పట్టిస్తే సందుల్లోకి పాకి నీటి దారిని మూసేస్తుంది. బిటుమెన్‌ను ఆ వాక్స్‌లోని ద్రావకం కాస్త మెత్తబరిచి అంటుకునేలా చేస్తుంది, అది ఇక్కడ మనకు మేలే.

ఆ తర్వాత నీటి రంధ్రాలు. నల్లపూత కింద అవి కనపడకపోతే రెండో వైపు సిల్‌తో పోల్చి, అదే దూరంలో సన్నటి మొనతో గుచ్చి చూడాలి. మూసుకుపోయిన రంధ్రం తెరుచుకోగానే గోధుమరంగు నీళ్లు కారితే ఆ పెట్టెలో అప్పుడే వాక్స్ పోయకూడదు. కడిగి, గాలి కొట్టి, రెండు రోజులు ఆరబెట్టి, కెమెరాతో లోపల చూశాకే పోయాలి.